ఉదయగిరి కొండను ఒక్క పగటిలో ఎక్కి దిగవచ్చునా?

ప్రశ్న అడిగినవారు: మైపాడు రోడ్డు, నెల్లూరు

పెద్దలకు నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఉదయగిరి కొండ ఎక్కాలని మా ఇంట్లో అనుకుంటున్నాము. తెల్లవారకముందే నెల్లూరులో కారులో బయలుదేరి, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి చేరి, దుర్గం ఉన్న కొండను శిఖరం దాకా ఎక్కి, చీకటి పడకముందే కిందికి దిగి, రాత్రి భోజనం వేళకు ఇల్లు చేరాలన్నది మా ఆలోచన. రాత్రి అక్కడ ఉండే ఉద్దేశం లేదు.

వెళ్లేవాళ్లం నలుగురం: ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు, నేను, మా మామగారు. మామగారికి అరవై నాలుగేళ్లు. ఆయన చిన్నతనం వింజమూరు వైపు గడిచింది. ఆ కొండ కబుర్లు వింటూ పెరిగానని, ఒక్కసారైనా పైకి వెళ్లలేకపోయానని తరచూ చెబుతుంటారు. రోజూ పొద్దున గంటసేపు నడుస్తారు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు, మెట్లు దిగేటప్పుడు మాత్రం కుడి మోకాలు పట్టేస్తుందని అంటారు. నేను, పిల్లలు తిరుమలకు అలిపిరి మెట్ల దారిలో నడిచి వెళ్లాము గాని, మెట్లు లేని, అడవి కమ్ముకున్న కొండను ఎక్కిన అనుభవం మాలో ఎవరికీ లేదు.

కొండ ఎక్కడానికి అటవీశాఖ అనుమతి అవసరమా? దారి చూపడానికి స్థానికులు ఎవరైనా వస్తారా? పైన తాగడానికి పనికివచ్చే నీళ్లు దొరుకుతాయా, లేక అన్నీ మోసుకుపోవాలా? మామగారిని ఎంతవరకు తీసుకువెళ్లవచ్చు? పైనుంచి సముద్రం కనిపిస్తుందని ఎవరో చెప్పగా మా అమ్మాయి విన్నది, అది నిజమేనా? ఆ కొండ సంగతి ఎరిగినవారు వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు. వీడియోలు కొన్ని చూశాము గాని, వాటిలో పైకి చేరిన ఆనందమే తప్ప ఎన్ని గంటలకు బయలుదేరారు, ఎన్ని గంటలకు దిగారు అన్నది ఎవరూ చెప్పడం లేదు.


జవాబు: దుర్గం వీధి, ఉదయగిరి

అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కొండకు సంబంధించి అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే. మా ఊరికి వచ్చేవాళ్లు శిఖరం ఎంత దూరమని అడుగుతారు, దారి ఎటని అడుగుతారు, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలని మాత్రం అడగరు. నా సలహా ఏమంటే, కొండ పాదం దగ్గర చెప్పులు బిగించుకునేటప్పుడే వెనక్కి తిరిగే గంటను నలుగురూ కలిసి నిర్ణయించుకోండి. జనవరి నెలలో అది మధ్యాహ్నం పన్నెండున్నర దాటకూడదు. శిఖరం కళ్లెదుటే కనిపిస్తున్నా సరే, ఆ వేళకు ఎక్కడ ఉంటే అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టవలసిందే. ఎక్కేటప్పుడు ఊరు వెనకాల ఉంటుంది, దారి ముందుకే పోతుంది కాబట్టి తప్పిపోవడం తక్కువ. దిగేటప్పుడు మేకలు తొక్కిన బాటలు, కట్టెలవాళ్లు తొక్కిన బాటలు నాలుగు వైపులకూ చీలి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో కొన్ని నేరుగా కొండ చరియ అంచుకు తీసుకుపోతాయి. ఈ కొండకు కొన్ని చోట్ల దాదాపు వెయ్యి అడుగుల నిటారైన చరియలు ఉన్నాయన్న సంగతి మరిచిపోవద్దు. పగలైతే ఆ అంచు కనిపిస్తుంది, మసక వెలుతురులో కనిపించదు.

అనుమతి విషయం. మా వైపు కొండల వరుస అయిన వెలిగొండల్లోని అడవులు ఎర్రచందనం పెరిగే అడవులు. ఆ చెట్టు ప్రపంచంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. దొంగతనంగా నరికి తరలించేవాళ్ల మీద నిఘా ఉంటుంది కాబట్టి, అడవిలో కొత్త ముఖం కనిపిస్తే సిబ్బంది ఆపి అడగడం సహజం. రక్షిత అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరమే. అందువల్ల ముందుగానే అటవీశాఖ కార్యాలయానికి ఫోను చేసి, ఎంతమంది వస్తున్నారో, ఏ రోజు వస్తున్నారో, ఎప్పటికి దిగుతారో చెప్పి, వాళ్లు చెప్పినట్టు నడుచుకోండి. వాళ్లు వద్దంటే వాదించకుండా మానుకోండి. వాళ్లకు చెప్పి వెళ్లడం వల్ల మరో లాభం కూడా ఉన్నది: సాయంత్రానికి మీరు దిగిరాకపోతే వెతకడానికి ఒక మనిషి ఉంటాడు.

దారి చూపే మనిషి లేకుండా వెళ్లవద్దు. కొండ కింద మేకలు, గొర్రెలు కాసుకునేవాళ్లలో పెద్ద వయసువారిని అడిగితే వస్తారు. వాళ్లకు ఇచ్చే కూలి ముందే మాట్లాడుకుని, ఆ రోజు వాళ్ల మందను చూసుకునే మరో మనిషి కూలి కూడా అందులో కలిపి ఇవ్వడం న్యాయం. తినడానికి మీరు తెచ్చుకున్నదే ఆయనకూ పెట్టండి. కొండ మీద ఆయన మాటే చెల్లాలి. ఆయన "ఇటు వద్దు" అంటే కారణం అడగకుండా ఆగిపోవడం మంచిది, కారణం తర్వాత చెబుతాడు. ఎక్కువసార్లు ఆ కారణం తేనెపట్టే అయి ఉంటుంది.

నీళ్ల సంగతి మీరు అడిగినది సరైన ప్రశ్న. పైన పాత కోనేర్లు, గుంటలు ఉన్నాయి. కోట ఉన్నకాలంలో అక్కడ మనుషులు బతికారంటే ఆ నీళ్ల వల్లనే. కాని ఇప్పుడవి పాచిపట్టి, పశువులూ అడవి జంతువులూ తాగే నీళ్లు, ముఖం కడుక్కోవడానికి తప్ప తాగడానికి పనికిరావు. మనిషికి నాలుగు లీటర్లు కింది నుంచే మోసుకుపోండి. బరువని ఒక లీటరు తగ్గించుకోవాలని అనిపిస్తుంది, తగ్గించవద్దు. సగం నీళ్లు అయిపోతే, గంట ఎంతైనా సరే, వెనక్కి తిరిగే వేళ అయిందన్నమాట.

కాలం విషయంలో మీరు ఎంచుకున్నది మంచి సమయమే. మన జిల్లాలో వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కాబట్టి, అప్పుడు రాళ్లు పాకుడు పట్టి జారుతాయి, బోదగడ్డి నడుమెత్తు పెరిగి బాటను మూసేస్తుంది. సంక్రాంతి నాటికి రాళ్లు ఆరతాయి, చెట్లలో పచ్చదనం ఇంకా ఉంటుంది. ఫిబ్రవరి నెల గడిచాక ఆకు రాలి నీడ పోతుంది. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఈ కొండ జోలికి రావడం ప్రాణాలతో చెలగాటమే. అయితే జనవరిలో గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి నిప్పు వెలిగించవద్దు, వంట ప్రయత్నాలు చేయవద్దు, బీడీ కాల్చేవారు ఎవరైనా ఉంటే కిందనే ఆపండి. ఒక్క నిప్పురవ్వతో కొండ చరియ మొత్తం అంటుకుంటుంది.

ఇక దుస్తులు. చండ్ర, రేగు, పరికి, తుమ్మ, అన్నీ ముళ్ల జాతులే. పొడుగు చేతుల ముతక నూలు చొక్కా, పాదాల దాకా ఉండే ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు కావాలి. చున్నీ, చీర కొంగు ముళ్లకు చిక్కుతాయి కాబట్టి అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పండి. మామగారి విషయం వైద్యం తెలిసినవారు చెప్పాలి. నా వరకు, కింది కోట గోడల దాకా ఆయన వచ్చి, అక్కడ ఒక మనిషిని తోడుగా పెట్టుకుని కూర్చోవచ్చుననే అనుకుంటున్నాను.


జవాబు: లెక్కల మాస్టారు, ఆత్మకూరు

పైన రాసిన పెద్దమనిషి వెనక్కి తిరిగే గంట గురించి చెప్పినది అక్షరాలా నిజం. దానికి లెక్క కూడా తోడు చేస్తాను.

ఉదయగిరి కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి 3,079 అడుగులు, అంటే సుమారు 938 మీటర్లు. ఊరు కూడా కొంత ఎత్తులోనే ఉన్నది కనుక అంతా ఎక్కనవసరం లేదు. మీరు ఎక్కవలసినది ఏడు వందల మీటర్లు అనుకుందాం. కొండ నడకకు వాడుకలో ఉన్న పాత సూత్రం ఒకటి ఉన్నది: చదునుగా ఐదు కిలోమీటర్లకు ఒక గంట, దానికి అదనంగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకు అరగంట. బాట ఐదు కిలోమీటర్లు అనుకుంటే దూరానికి ఒక గంట, ఎత్తుకు ఇంచుమించు గంటా పది నిమిషాలు, మొత్తం రెండు గంటల పది నిమిషాలు అవుతుంది. కాని ఈ సూత్రం చల్లని దేశంలో, మంచి బాట మీద, అలవాటున్న మనుషుల కోసం పుట్టినది. మన ఎండలో, ముళ్ల పొదల మధ్య, అలవాటు లేనివారికి దాన్ని రెట్టింపు చేయడం న్యాయం. అంటే ఎక్కడానికే నాలుగు గంటలకు పైగా పడుతుంది. దిగడం సగంలో అయిపోతుందని అనుకోవద్దు. రాళ్ల మీద దిగడానికి మూడు గంటలైనా పడుతుంది. జనవరి మధ్యలో సూర్యోదయం ఆరున్నర దాటాక, సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో. ఏడు గంటలకు మొదలుపెడితే పదకొండున్నర, పన్నెండు మధ్యలో పైన ఉండాలి. పన్నెండున్నరకు తిరిగితే మూడున్నర, నాలుగింటికి కింద ఉంటారు. మిగిలే రెండు గంటల వెలుతురు కాలు బెణికినా, దారి తప్పినా అక్కరకు వచ్చే నిల్వ. దానిని ఫోటోలకు ఖర్చు చేయకూడదు.

అందుకే నెల్లూరు నుంచి నాలుగింటికల్లా బయలుదేరండి. దూరం సుమారు 100 కిలోమీటర్లు. చలికాలంలో తెల్లవారుజామున పొలాల వెంట మంచు కమ్ముతుంది కాబట్టి వేగంగా నడపడం కుదరదు. ముందురోజు సాయంత్రం వచ్చి ఉదయగిరిలోనే పడుకోగలిగితే మరీ మంచిది, కారు నడిపేవారికి నిద్ర చాలుతుంది. రోజంతా కొండ ఎక్కి దిగి, అలసిపోయి, చీకటిలో 100 కిలోమీటర్లు కారు నడపడం కొండ చరియ కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.

మీ అమ్మాయి అడిగిన సముద్రం ప్రశ్న నాకెంతో నచ్చింది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల ఎంత ఎత్తు నుంచి ఎంత దూరం కనిపిస్తుందో లెక్కకట్టడం సులభం. ఎత్తును మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే, దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నదో వస్తుంది. 938కి వర్గమూలం 30.6, దానిని 3.57తో గుణిస్తే 109 కిలోమీటర్లు. ఉదయగిరి నుంచి తిన్నగా తూర్పుకు కావలి తీరం గీత గీసినట్టు కొలిస్తే సుమారు 80 కిలోమీటర్లే. కాబట్టి శిఖరం మీద తూర్పు వైపు అడ్డు లేకుండా నిలబడగలిగితే, లెక్క ప్రకారం సముద్రం కనిపించాలి. కనిపించనివ్వనిది భూమి కాదు, గాలి. తీరం వైపు గాలిలో ఆవిరి, దుమ్ము, పొగ కలిసి తెల్లటి తెర కట్టి ఉంటాయి. పైగా ఉదయం పూట సూర్యుడు తూర్పునే ఉండడం వల్ల ఆ తెర మరింత మెరిసి కళ్లకు అడ్డుపడుతుంది. వాన కడిగిన మరునాడు, ఎండ వెనక నుంచి పడే మధ్యాహ్నం దాటాక చూస్తే ఆశ ఉంటుంది. కాని మధ్యాహ్నం దాటాక మీరు పైన ఉండకూడదని ఇంతకుముందే చెప్పుకున్నాము. ఈ రెండింటిలో నేనైతే దిగడాన్నే ఎంచుకుంటాను. అమ్మాయి చేత ఈ లెక్క ఒకసారి చేయించండి, కనిపించకపోయినా ఎందుకు కనిపించలేదో తెలిసి దిగుతుంది.


జవాబు: చరిత్ర పాఠాలు, కావలి

ఇక్కడ శిఖరం గురించే మాట్లాడుతున్నారు గాని, ఆ కొండ మీద చూడవలసినది శిఖరం ఒక్కటే కాదు. నా అభిప్రాయంలో ఆ బాటే అన్నిటికన్నా గొప్ప చారిత్రక వస్తువు.

ఉదయగిరి దుర్గంలో పూర్వం పదమూడు కోటలు ఉండేవి: కొండ మీద ఎనిమిది, కింద ఐదు. పైకి పోయే ప్రతి బాటనూ పైనుంచి కాపలా కాసేలా గోడలు కట్టారు. మీరు ఎక్కుతున్నప్పుడు గోడ దగ్గర ఆగి వెనక్కి చూడండి. మీరు అంతవరకూ నడిచిన బాట మొత్తం ఆ గోడ మీద నిలబడిన మనిషికి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. విజయనగర రాజ్యం తొలి రోజుల్లోనే హరిహరరాయల తమ్ముడు కంపరాయలు ఉదయగిరిని కేంద్రంగా చేసుకుని తూర్పు ప్రాంతాన్ని పాలించాడు. ఆయన కుమారుడు సంగముడు 1356లో ఇచ్చిన బిట్రగుంట శాసనం మన జిల్లా చరిత్రకు ముఖ్యమైన ఆధారం. తర్వాత దుర్గం ఒడిశా గజపతుల చేతికి పోయింది.

దానిని కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో పట్టుకున్నాడు. ఆ శతాబ్దంలోనే విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ ఆ ముట్టడి గురించి రాసినది చదివితే ఈ కొండ స్వభావం అర్థమవుతుంది. కోటకు ఒకే దారి ఉండేదని, అదీ ఒకరి వెనక ఒకరు తప్ప ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకని, రాయలు పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి సైన్యం వెళ్లడానికి దారులు తీయించాడని ఆయన వివరించాడు. ఆ కాలపు దక్షిణ భారతంలో అంతటి సైన్యం మరొకటి లేదని చెప్పదగిన రాజుకు ఏడాదిన్నర పట్టిన కొండను మనం ఒక పూటలో ఎక్కాలని తొందరపడుతున్నాము. అడ్డదారులు వద్దని పైన పెద్దలు చెప్పిన దానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. శత్రువు ఎక్కలేని చోటు చూసి కట్టిన కోట అది, దాని అడ్డదారులన్నీ మనిషి పడిపోవాలనే ఉన్నాయి.

దుర్గాన్ని కాపాడిన తిరుమల రౌతరాయలు ప్రతాపరుద్ర గజపతికి బంధువు. దుర్గం పడ్డాక రాయలు అదే ఏడాది జూలైలో తిరుమల వెళ్లి స్వామికి కనకాభిషేకం చేయించిన సంగతి అక్కడి శాసనాల్లో ఉన్నది. ఉదయగిరి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణుని విగ్రహానికి హంపీలో కృష్ణాలయం కట్టించాడు, దాని శాసనం 1515 నాటిది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. మామగారు ఈసారి పైకి రాలేకపోతే, ఎప్పుడైనా ఆయనను చెన్నై తీసుకువెళ్లి ఆ బాలకృష్ణుణ్ణి చూపించండి. ఉదయగిరి కొండకు సంబంధించినదే అది కూడా.

కొండ మీది మసీదు తప్పక చూడదగినది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడి అధికారిగా ఉన్న షేక్ హుసేన్ మసీదు కట్టించి తోట వేయించినట్టు అక్కడి పారశీక శాసనాలు చెబుతున్నాయి. కింద ఊరిలో రంగనాయకుల గుడి ఉన్నది. రాళ్ల మీద పేర్లు చెక్కడం, సున్నంతో రాయడం ఎవరు చేసినా ఆపండి. శాసనం ఉన్న రాయిని నీళ్లు పోసి కడగడం, సుద్దతో అక్షరాలు దిద్దడం కూడా చేయవద్దు, వెలుతురు పక్క నుంచి పడేలా ఫోటో తీస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి. నిధులున్నాయని తవ్వే దుర్మార్గుల వల్ల ఎన్నో కట్టడాలు కూలిపోయాయి. అటువంటి గోతులు కనిపిస్తే వాటి అంచున నిలబడవద్దు, దిగాక అటవీశాఖకు చెప్పండి.


జవాబు: నర్సు, ఒంగోలు

మామగారి గురించి రాస్తున్నాను. దుర్గం వీధి వారు కింది గోడల దాకా రావచ్చునన్నారు. వారి మీద గౌరవంతోనే నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎక్కేటప్పుడు గుండెకు, ఊపిరికి పని. దిగేటప్పుడు మోకాళ్లకు పని. అడుగు కిందికి వేసిన ప్రతిసారీ శరీరం బరువుకు ఎన్నో రెట్లు మోకాలి చిప్ప మీద పడుతుంది. మెట్లు దిగేటప్పుడే పట్టేస్తుందని మీరే రాశారు, అంటే ఆయన మోకాలు ఏ పని చేయలేదో ఆ పనే ఈ కొండ సగం రోజు చేయిస్తుంది. పైకి బాగానే ఎక్కుతారు, ఉత్సాహంగా ఉంటారు, మీరూ సంతోషిస్తారు. మోకాలు మొరాయించేది దిగే దారిలో, మధ్యలో, ముందుకూ వెనక్కూ పోలేని చోట. అక్కడి నుంచి అరవై నాలుగేళ్ల మనిషిని ఇద్దరు పిల్లలు మోసుకురాలేరు. రక్తపోటు మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని, ఉప్పును తగ్గించే జాతివి ఉంటాయి, ఎండలో చెమట పట్టే రోజున అవి కళ్లు తిరిగేలా చేయవచ్చు. మాత్ర మానేయమని నేను చెప్పడం లేదు, మానకూడదు. ఆయన వాడే మందు ఏ జాతిదో వైద్యుడిని అడిగాకే ఈ ప్రయాణం సంగతి ఆలోచించండి.

ఆయనకు కొండలు చూడాలన్న కోరిక ఉన్నది కాబట్టి, ఆ రోజు ఆయనను సీతారామపురం వైపు ఘటిక సిద్ధేశ్వరానికి గాని, ఉమ్మడి ప్రకాశం జిల్లా వైపు భైరవకోనకు గాని కారులో ఎవరైనా తీసుకువెళ్లగలరేమో చూడండి. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం ఉన్నాయి. అవీ ఈ అడవి కొండలే, పెద్దవాళ్లు చూడగలిగినవి.

ఇక పిల్లలకూ మీకూ. పాము కాటు గురించి నాలుగు మాటలు. ఎండిన ఆకుల్లో, రాళ్ల సందుల్లో రక్తపింజర, చిన్న పింజర ఉంటాయి. చెయ్యి పెట్టే చోటును చూడకుండా పైకి పట్టుకుని పాకవద్దు, కర్రతో నేల తడుతూ నడవండి. కరిస్తే గట్టిగా కట్టు కట్టవద్దు, కొయ్యవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు మందు కోసం వెతకవద్దు. ఉంగరాలు, గాజులు, గడియారం తీసేసి, కరిచిన కాలు కదలకుండా చెక్క గాని కర్ర గాని ఆసరాగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపండి. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒక్కటే కాబట్టి, పామును చంపి తీసుకురావలసిన అవసరం లేదు. బయలుదేరే ముందు ఉదయగిరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ మందు నిల్వ ఉందో లేదో ఫోను చేసి కనుక్కోండి. లేదంటే ఆత్మకూరులో ఉందో, నెల్లూరుకే పోవాలో ముందే తెలిసి ఉండాలి. 108 నంబరు కొండ మీద అందకపోవచ్చు. సిగ్నలు ఏ మలుపు దగ్గర పోయిందో గమనిస్తూ వెళ్లండి, సాయం పిలవాలంటే అక్కడి దాకా దిగితే చాలు.

తేనెటీగలను తేలికగా తీసుకోవద్దు. కొండ చరియలకు పట్టే పెద్ద ఈగలు ఒక్కసారి రేగితే గుంపుగా తరుముతాయి. సెంటు రాసుకుని రావద్దు, కేకలు వేయవద్దు, డ్రోను ఎగరేయాలని మేనల్లుడు అంటే వద్దనండి. అవి మీదపడితే చేతులు విసరకుండా, ముఖాన్ని, మెడను గుడ్డతో కప్పుకుని వచ్చిన బాటనే వెనక్కి పరుగెత్తాలి. అయితే అంచుల దగ్గర పరుగు తీయకూడదు కాబట్టి, పట్టు ఉన్న చరియ దగ్గరికి అసలు పోకపోవడమే దారి. ఈగ ముల్లు దిగిన చోట వెంటనే గోటితో గీకి తీసేయండి. గొంతు బిగుసుకుపోయినా, పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా అది ఆసుపత్రికి పరుగెత్తవలసిన సంగతి.

ఎండ దెబ్బ జనవరిలో తగలదని అనుకోవద్దు. తలనొప్పి, వికారం, చెమట ఆగిపోవడం, మాట తడబడటం కనిపిస్తే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, నీళ్లతో తడిపి విసరండి. మాట తడబడుతున్న మనిషికి నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒట్టి నీళ్లే కాకుండా ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకువెళ్లండి. పెద్ద పొట్లానికి ఒక లీటరు నీళ్లు, అంతకు తక్కువలో కలపకూడదు. మజ్జిగలో ఉప్పు వేసి తీసుకువెళ్లినా మంచిదే, కాని పొద్దున పది గంటల లోపు తాగేయండి.


మళ్లీ మైపాడు రోడ్డు, నెల్లూరు

మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నర్సు గారు రాసినది మామగారికి చదివి వినిపించాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, పిల్లలకు తన మోకాలు అడ్డం కాకూడదని తానే అన్నారు. మావారు ఆ రోజుకు సెలవు పెట్టి ఆయనను భైరవకోనకు తీసుకువెళతానన్నారు. మేము ముగ్గురం ముందురోజు సాయంత్రమే ఉదయగిరి వచ్చి పడుకుంటాము. మా అమ్మాయి వర్గమూలం లెక్క తానే చేసి, దూరదర్శిని తెచ్చుకుంటానంటున్నది. దుర్గం వీధి వారిని మరొక్క మాట అడుగుతున్నాను: ఎలుగుబంట్ల భయం ఉన్నదా? కనుమ పండుగ నాడు ఎక్కవచ్చునా?


జవాబు: దుర్గం వీధి, ఉదయగిరి

కనుమ నాడు వద్దమ్మా. ఆ రోజు మందలు ఉన్నవాళ్లెవరూ ఇల్లు కదలరు, పశువుల పండుగ కదా, మీకు దారి చూపే మనిషి దొరకడు. కనుమ వెళ్లిన రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి, పండుగ రద్దీ కూడా తగ్గుతుంది. మా ఊరి దర్గాలో గంధోత్సవం జరిగే రోజుల్లోనూ ఊరిలో గదులు దొరకవు, అది హిజ్రీ నెలను బట్టి ఏటా మారుతుంది కాబట్టి గది అడిగేటప్పుడే కనుక్కోండి.

ఎలుగుబంట్లు ఈ కొండల్లో ఉన్నాయి, చిరుతలూ ఉన్నాయి. ఎలుగు మనిషి కోసం రాదు, ఎదురుగా హఠాత్తుగా కనిపిస్తేనే బెదిరి మీదపడుతుంది. దానికి చూపు మందం, పుట్ట తవ్వుకుంటూ ఉంటే అడుగుల చప్పుడు కూడా పట్టించుకోదు. అందుకని మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి. కేకలు అక్కరలేదు, పాటలు పెట్టే పెట్టె అసలే వద్దు. అప్పుడే తవ్విన పుట్ట కనిపిస్తే, దారి చూపే మనిషి చెప్పేదాకా ముందుకు అడుగు వేయవద్దు. అవి తిరిగేది ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపు వేళ. ఏడు గంటలకు ముందు ఎక్కవద్దని, నాలుగింటికల్లా దిగమని మా ఊరివాళ్లు చెప్పడానికి ఇదీ ఒక కారణమే.

దిగాక తొందర లేకపోతే ఊరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. చేతితో చెక్కే ఆ పని మా ఊరికి పేరు తెచ్చింది, ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు. బేరం ఆడకుండా కొనండి. బయలుదేరే ముందురోజు ఇక్కడే ఒక మాట రాస్తే, మందలున్న వాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో అడిగి పెడతాను.